వారానికి 90 నిమిషాల మంచు: ఒక ఫిన్నిష్ ఐస్ హాకీ కోచ్ కేసు

ఈ కేసు రాయడానికి ఆయన ఒప్పుకున్నారు. రాసింది చదివి రెండు చోట్ల దిద్దారు కూడా. ఊళ్లు, వయసు, సంవత్సరాలు, మ్యాచ్ ఫలితాలు మార్చాను. క్లబ్‌ల పేర్లు ఎక్కడా రాయలేదు. ఫిన్లాండ్ జనాభా 55 లక్షల పైచిలుకు. పై స్థాయి లీగ్ అయిన లీగాలో అప్పట్లో ఉన్నవి 15 జట్లు, అంటే హెడ్ కోచ్ కుర్చీలు 15. చిన్న వివరం బయటపడినా మనిషి ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. అందుకే కొన్ని విషయాలు కావాలనే మసకగా ఉంచాను.

నేను క్రీడా మనస్తత్వశాస్త్రంలో మాస్టర్స్ చేయడానికి ఫిన్లాండ్‌లోని యువాస్కులా నగరానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. నేను చేసే పనిని ఫిన్నిష్‌లో 'త్యోనోహ్యౌస్' అంటారు. నర్సులు, టీచర్లు, సోషల్ వర్కర్లు, ఈమధ్య కోచ్‌లు కూడా, మూడు వారాలకోసారి వచ్చి గంటన్నర కూర్చుని తాము చేస్తున్న పనిని ఎదురుగా పెట్టుకుని చూసుకునే ఏర్పాటు అది. వైద్యం కాదు, శిక్షణా కాదు. మన దగ్గర స్పోర్ట్స్ అకాడమీల్లో కౌన్సెలింగ్ చేసేవాళ్లకి ఈ కేసు పనికొస్తుందని నా నమ్మకం. ఇందులో నేను దాదాపు పది నెలల పాటు తప్పు సమస్య మీద పనిచేశాను.

నేపథ్యం

కోచ్ వయసు నలభై దాటింది. ఆటగాడిగా రెండో శ్రేణి లీగ్ మెస్తిస్ దాకా వచ్చి, మోకాలు దెబ్బతిని ఆపేశారు. తర్వాత కొన్నేళ్లు బడిలో వ్యాయామం నేర్పే టీచర్. సాయంత్రాలు పిల్లల జట్లు. అండర్-16, అండర్-18, అండర్-20, ఇలా పన్నెండేళ్లు గడిచాయి. వియెరుమాకి క్రీడా సంస్థలో కోచింగ్ కోర్సులు చేశారు. ఆయన దగ్గర నేర్చుకోవడం కోసం కొడుకుని వేరే ఊరి నుంచి తెచ్చి చేర్పించిన తల్లిదండ్రులు ఉన్నారు.

ఆ తర్వాత మెట్లు చకచకా ఎక్కారు. మెస్తిస్‌లో రెండు సీజన్లు హెడ్ కోచ్, లీగాలో ఒక సీజన్ అసిస్టెంట్, ఆపైన హెడ్ కోచ్. మొదటి సీజన్ ఫర్వాలేదనిపించింది. రెండో సీజన్ అక్టోబర్‌లో ఓటములు మొదలయ్యాయి, ఇక ఆగలేదు. డిసెంబర్ మొదటి వారంలో క్లబ్ తప్పించింది. ఉద్యోగం ఊడటాన్ని ఫిన్నిష్‌లో 'పొత్కుత్' వచ్చాయంటారు. పొత్కుత్ అంటే తన్నులు.

ఆయన నమ్మకం ఒకటి ఇక్కడే చెప్పాలి, కేసంతా దాని చుట్టూనే తిరుగుతుంది. 1995లో స్టాక్‌హోంలో స్వీడన్‌ని 4-1తో ఓడించి ఫిన్లాండ్ మొదటిసారి ప్రపంచ చాంపియన్ అయినప్పుడు ఆయన టీనేజ్ కుర్రాడు. ఆ జట్టుకి కోచ్ కర్ట్ లిండ్‌స్ట్రోమ్, స్వీడన్ మనిషి. గెలవడం ఎవరో వచ్చి నేర్పితే వచ్చే విద్య అని ఆ రోజే మనసులో పడిందన్నారు. తర్వాత కోచ్ యుక్కా యలోనెన్ 2011లో, 2019లో, 2022లో ఫిన్లాండ్‌ని ప్రపంచ చాంపియన్‌గా నిలబెట్టారు. 2022లోనే బీజింగ్‌లో ఒలింపిక్ స్వర్ణం కూడా. వీటన్నిటిలో మా కోచ్‌కి వేదం 2019 జట్టు. ఉత్తర అమెరికా పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడే పేరున్న ఆటగాళ్లు దాదాపు లేకుండా, ఒక పద్ధతిని ఒంటబట్టించుకుని, ఫైనల్లో కెనడాని 3-1తో ఓడించిన జట్టు అది. బాగా నేర్పితే చాలు, ఎవరినైనా ఓడించవచ్చు అన్నది అప్పటి నుంచీ ఆయన మాట.

వచ్చినప్పుడు చెప్పిన సమస్య

జనవరిలో వచ్చారు. కుర్చీలో కూర్చోకముందే, "నాకు మాట్లాడటం రాదు, అది బాగుచేయాలి" అన్నారు. పంపించేటప్పుడు స్పోర్ట్స్ డైరెక్టర్ ఆయనతో అన్న మాట: నీకు కొప్పి చేజారింది. కొప్పి అంటే డ్రెస్సింగ్ రూమ్. ఆటగాళ్లు వినడం మానేశారని అర్థం. ఫిన్లాండ్‌లో ఒక కోచ్‌ని ఇంతకంటే గట్టిగా కొట్టే మాట లేదు.

నిద్ర రాత్రికి మూడు నాలుగు గంటలు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే మళ్లీ పట్టదు. బరువు తగ్గారు. అసలు ఈయన్ని నేను తీసుకోవాలా, వైద్యానికి పంపాలా అన్నది నా మొదటి నిర్ణయం. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని నేరుగా అడిగాను. లేవన్నారు, చెప్పిన తీరు నమ్మేలాగే ఉంది. అయినా ఒక షరతు పెట్టాను: డాక్టర్‌ని కూడా కలుస్తూ ఉండాలి. సీజన్ చివరిదాకా ఒప్పందం నడుస్తోంది కాబట్టి ఉద్యోగుల ఆరోగ్య సేవ ఆయనకి ఇంకా అందుబాటులో ఉంది. ఇక్కడ బర్న్‌అవుట్ దానికదే జబ్బుగా లెక్కకి రాదు. సెలవు భత్యం దొరకాలంటే డిప్రెషన్ లాంటి మరో రోగనిర్ధారణ ఉండాలి. అందువల్ల చాలామంది కోచ్‌లు డాక్టర్ గడపే తొక్కరు. ఈయన వెళ్లారు. నిద్రకి చికిత్స మొదలైంది. పని గురించిన సంగతి నా వంతు.

మొదట చేసింది: మాట మీద పని

ఆయన చెప్పిన సమస్యనే నేనూ సమస్యగా ఒప్పుకున్నాను. కారణాలు గట్టిగానే కనిపించాయి. డైరెక్టర్ అదే అన్నారు, స్థానిక పత్రికా అదే రాసింది, ఆయనా అదే అంటున్నారు. పైగా నా కళ్లతో చూశాను. రెండో సెషన్లో, సొంత గోల్ ముందు ఐదుగురు ఎలా నిలబడాలని మీరు చెబుతారు అని ఊరికే అడిగాను. బల్ల మీది చక్కెర బిళ్లలు ఐదు తీసి పరిచారు. కాఫీ చెంచా గోల్ అయింది. ఒక్కో బిళ్లనీ వేలితో జరుపుతూ, ఇది ఇక్కడికి వస్తే అది అక్కడికి, ఎందుకంటే, అని పదకొండు నిమిషాలు చెప్పారు. స్కేటింగ్ రాని నాకు కూడా అర్థమైంది. కానీ ఆ రోజు నా నోట్స్‌లో రాసుకున్నది ఒక్కటే: సుదీర్ఘంగా మాట్లాడతారు.

మూడు నెలలు దాని మీద కూర్చున్నాం. మ్యాచ్‌లో రెండు పీరియడ్ల, అంటే ఆట భాగాల, మధ్య విరామంలో మూడు నిమిషాలకు మించి మాట్లాడకూడదు, ఒకే అంశం చెప్పాలి, చివర్లో ఒక ప్రశ్న అడగాలి. ఆయన మంచి విద్యార్థి, రికార్డు చేసుకుని వినేవారు. మార్చిలో స్నేహితుడి అండర్-15 జట్టుకి కొన్ని రోజులు నేర్పి ఆ ఆడియో నాకు పంపారు. అద్భుతంగా ఉంది. పిల్లలు ఎదురు ప్రశ్నలు వేస్తున్నారు, నవ్వుతున్నారు, ఒకడు "ఇంకోసారి చేద్దాం" అని బతిమాలుతున్నాడు. మెరుగుపడ్డారు అని రాసుకున్నాను.

ఆ వాక్యం ఇప్పుడు చదివితే మింగుడు పడదు. పిల్లలతో ఆయన మొదటి నుంచీ అలాగే ఉండేవారు. అది మెరుగుదల కాదు, సమస్య మాటలో లేదని చెప్పే సాక్ష్యం. ఇక్కడ పనిచేసే మనిషి అక్కడ ఎందుకు పనిచేయలేకపోయారన్న ప్రశ్న నేను ఆ రోజే వేయాల్సింది. నా పద్ధతి పనిచేస్తోందన్న సంతోషంలో వేయలేదు.

విఫలమైంది

వేసవిలో లీగాలోనే మరో క్లబ్ ఆయన్ని హెడ్ కోచ్‌గా తీసుకుంది. ఆగస్టు బ్రహ్మాండంగా నడిచింది. నిద్ర పడుతోంది, కుర్రాళ్లు పట్టుకుంటున్నారు అన్నారు. సెప్టెంబర్‌లో లీగ్ మొదలైంది. అక్టోబర్ సగానికల్లా పాత మొహంతో నా ముందు కూర్చున్నారు.

విరామంలో మూడు నిమిషాల నియమం మాత్రం తప్పలేదు. కానీ ఉదయం వీడియో మీటింగ్ 40 నిమిషాలకి పెరిగింది. ఒకచోట నొక్కితే ఇంకోచోట ఉబ్బింది. ఆ మీటింగ్ కోసం మ్యాచ్ అయిపోయాక రాత్రి రెండున్నర దాకా ఒక్కరే కూర్చుని క్లిప్‌లు కత్తిరిస్తున్నారు.

అప్పుడు నా ముందు రెండు వివరణలు ఉన్నాయి. ఒకటి, ఇది ఆయన స్వభావం, ప్రతిదీ లోపం లేకుండా ఉండాలన్న పట్టుదల, కాబట్టి సైకోథెరపీకి పంపాలి. రెండు, అగ్రశ్రేణి ఒత్తిడి ఆయనకి సరిపడదు, కాబట్టి మెల్లగా ఆ నిజం చెప్పాలి. రెండూ చెప్పడం తేలిక. రెండూ తప్పు ఆయనలోనే ఉందంటాయి. నన్ను ఆపింది ఆగస్టు. రెండు క్లబ్‌లలోనూ ఆగస్టు బాగుంది, అక్టోబర్ కూలింది. స్వభావమే కారణమైతే ఆగస్టులోనూ కనిపించాలి కదా? ఒత్తిడే అనుకుందామంటే, మొదటి క్లబ్‌లో ఓటములు మొదలవకముందే వీడియో రాత్రులు మొదలయ్యాయి. ఆగస్టుకీ అక్టోబర్‌కీ మధ్య ఏం మారుతోంది? నా గదిలో కూర్చుంటే జవాబు దొరకదని తెలిసింది. ఒక మ్యాచ్ రోజంతా వెంట ఉండి చూస్తానని అడిగాను. క్లబ్ ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది. డ్రెస్సింగ్ రూమ్‌లోకి రాకూడదన్న షరతు పెట్టారు. అది న్యాయమే.

ఆ రోజు

ఉదయం 10:30కి మార్నింగ్ స్కేట్, 20 నిమిషాలు. కాళ్లు వదులు చేసుకోవడానికే, నేర్పడానికి కాదు. తర్వాత చీకటి గదిలో 40 నిమిషాల వీడియో. 25 మంది ఆటగాళ్లు, 31 క్లిప్‌లు. పద్నాలుగో క్లిప్ తర్వాత వెనక వరుసలో ఒకతను స్కేట్ లేసు ముడి విప్పి మళ్లీ కట్టుకోవడం మొదలుపెట్టాడు. మీటింగ్ అయ్యేదాకా అదే పని. కోచ్ చెప్పిన ప్రతి మాటా సరైనదే. ఎవరికీ ఎక్కలేదు, అంతే.

సాయంత్రం 6:30కి మ్యాచ్. నేను బెంచ్ వెనక స్టాండ్‌లో ఉన్నాను. రెండో పీరియడ్‌లో ఆట కాసేపు ఆగినప్పుడు, ఇరవై ఏళ్లుంటాయేమో, ఒక డిఫెన్స్ కుర్రాడు నోట్లోంచి మౌత్‌గార్డ్ తీసి, వెనక్కి తిరిగి కోచ్‌ని ఏదో అడిగాడు. కోచ్ ట్యాబ్లెట్ తెరిచి క్లిప్ వెతకసాగారు. కుర్రాడు మెడ చాచి చూస్తున్నాడు. ఐస్ హాకీలో ఒక షిఫ్ట్, అంటే ఆటగాడు మంచు మీద ఉండే ఒక వంతు, 45 సెకన్లు, అటూ ఇటూగా. ఆట మొదలైంది, రెండు షిఫ్ట్‌లు గడిచాయి, వాడి వంతు వచ్చేసింది. మౌత్‌గార్డ్ పళ్ల మధ్య పెట్టుకుని గోడ మీంచి దూకి మంచు మీదికి వెళ్లిపోయాడు. కోచ్ తల ఎత్తలేదు. క్లిప్ దొరికింది, చూపించడానికి పక్కకి తిరిగారు, అక్కడ ఎవరూ లేరు.

వాడేమడిగాడని మ్యాచ్ అయ్యాక అడిగితే ఆయనకి గుర్తులేదు. అసిస్టెంట్ చెప్పాడు: "గోల్ వెనకనుంచి ఇద్దరు వస్తే నేను ఎవడి మీదికి వెళ్లాలి?" జనవరిలో చక్కెర బిళ్లలతో నాకు చెప్పిన పాఠం సరిగ్గా అదే.

లెక్క

తర్వాతి సెషన్లో ఒక తెల్ల కాగితం ఇచ్చి ఒకటే అడిగాను. అండర్-20లో ఉన్నప్పుడు వారానికి ఎన్ని నిమిషాలు మంచు మీద నేర్పేవారు? ఐదు ప్రాక్టీసులు, ఒక్కోటి 75 నిమిషాలు. 375. ఆగస్టులో? దాదాపు అంతే. ఇప్పుడు, మూడు మ్యాచ్‌లున్న వారంలో? ప్రయాణాలు, విశ్రాంతి, మార్నింగ్ స్కేట్‌లు పోగా ఒక 50, ఒక 40. 90 అని రాశారు. లీగాలో ఒక్కో జట్టుకి రెగ్యులర్ సీజన్ 60 మ్యాచ్‌లు, సెప్టెంబర్ నుంచి మార్చి సగం దాకా. దక్షిణాన ఉన్న జట్టు ఉత్తరాన ఉన్న ఓలు నగరానికి వెళ్లిరావాలంటే బస్సులోనే ఒక రోజు పోతుంది. ఆ 90 అలా మిగిలిందే.

నేర్పాలనుకున్న అంశాలు ఎన్ని? వేళ్లు మడిచి లెక్కపెట్టారు. 11. ఆగస్టులోనూ 11, అక్టోబర్‌లోనూ 11.

పెన్ను కింద పెట్టేశారు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను పుట్టి పెరిగిన ఇంట్లో మౌనం అంటే అలక. ఎవరో ఒకరు వెంటనే కదిలించేవారు. ఇక్కడికి వచ్చిన కొత్తలో నేనూ క్లయింట్ల మౌనాన్ని అలాగే పూడ్చేసేదాన్ని. ఫిన్లాండ్‌లో మౌనం అంటే మనిషి పని చేసుకుంటున్నాడని అర్థం. అది నేర్చుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. ఆ రోజు ఊరుకున్నాను. చివరికి ఆయనే అన్నారు: "సిలబస్ అదే ఉంచాను. పీరియడ్లు పోయాయని చూసుకోలేదు."

2019 జట్టు అప్పుడు మళ్లీ మాటల్లోకి వచ్చింది. జాతీయ జట్టు ఏప్రిల్ నుంచే శిబిరాలు, సన్నాహక మ్యాచ్‌లతో కలిసి ఉంటుంది. ఆ తర్వాత ఫైనల్ దాకా ఆడినా ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పది మ్యాచ్‌లు. ఆయన ఆ పద్ధతిని తెచ్చి 60 మ్యాచ్‌ల క్యాలెండర్‌లో పెట్టారు. చోటు చాలని పాఠమంతా వీడియో గదిలోకి, ఆయన రాత్రుల్లోకి పొంగింది. మాట రాకపోవడం కాదు, ఆటగాళ్లు ఎదురు తిరగడం కాదు. మంచు మీద పక్కన నిలబడి నేర్పే మనిషి దగ్గరనుంచి మంచు పోయింది.

పనిచేసింది

మొదట 11ని 3 చేయాలి. ఇదే అన్నిటికంటే కష్టమైంది. రెండు వారాలు తీసుకున్నారు. సొంత జోన్ నుంచి బయటికి ఇచ్చే మొదటి పాస్, సొంత గోల్ ముందు ఐదుగురి స్థానాలు, లైన్, అంటే కలిసి మంచు మీదికి దిగే ఆటగాళ్ల గుంపు, మారేటప్పుడు క్రమశిక్షణ. ఈ మూడే. మిగతా ఎనిమిదింటి ఊసు క్రిస్మస్ దాకా ఎత్తకూడదు. పవర్ ప్లే, అంటే అవతలి జట్టులో ఒకరు శిక్ష మీద బయట ఉన్నప్పటి ఆట, పూర్తిగా అసిస్టెంట్‌కి వదిలేశారు. ఆ రోజు ఆయన మొహం చూస్తే సొంత బిడ్డని హాస్టల్లో దింపి వస్తున్నట్టుంది.

క్లిప్‌లు కత్తిరించే పని వీడియో అసిస్టెంట్‌ది. గరిష్ఠంగా ఆరు క్లిప్‌లు, 12 నిమిషాలు. కానీ తీసేయడమే చేస్తే ఆ ఖాళీలోకి పాత అలవాటే తిరిగి వస్తుందని నాకు భయం. వీడియో ఆయనకి మత్తులాంటిదేమీ కాదు. నేర్పాలన్న ఆకలికి దొరికిన ఒకే ఒక్క తిండి. కాబట్టి తీసినచోట ఏదో ఒకటి పెట్టాలి. ప్రాక్టీస్‌కి పది నిమిషాల ముందు ఇద్దరు కుర్ర డిఫెన్స్ ఆటగాళ్లతో ఆయనే మంచు మీద ఉంటారు. ఫిట్‌నెస్ కోచ్ అభ్యంతరం చెప్పాడు, ఆటగాళ్ల మీద భారం పెరుగుతుందని. నిలబడి చేసే పనులే, స్ప్రింట్లు ఉండవు అన్న ఒప్పందానికి వచ్చారు. మొదటి రోజు తీసుకెళ్లింది బెంచ్ మీద ప్రశ్న అడిగిన కుర్రాణ్ణే. గోల్ వెనక ఇద్దరు వస్తే ఏం చేయాలో కర్రతో కర్ర తాకించి చూపించారు: కదలకు, పోస్ట్ దగ్గరే ఉండు, గోల్ కీపర్ వెనక్కి చూస్తాడు. డాక్టర్ ఇచ్చిన మాత్రలకంటే ఆ పది నిమిషాలే నిద్ర తెచ్చాయని ఆయన అంటారు. మాత్రల పాత్ర నేను తీసేయను.

నేరుగా గాడిలో పడలేదు. నవంబర్‌లో వరసగా నాలుగు ఓడిపోయారు. రెండు రాత్రులు మళ్లీ రెండున్నర దాకా కూర్చున్నారు, మీటింగ్ అరగంటకి వెళ్లింది. అది అయ్యాక కెప్టెన్ తలుపు మూసి ఆయనతో అన్న మాట: "మాకు ఆ మూడే ఇంకా పూర్తిగా రాలేదు. నాలుగోది ఎందుకు తెస్తున్నావు?" ఇక్కడ ఆటగాళ్లు కోచ్‌ని పేరు పెట్టి, నువ్వు అనే పిలుస్తారు. కాబట్టి ఆ మాటలో అమర్యాద లేదు. కొప్పి చేజారి ఉంటే ఆ కెప్టెన్ వచ్చేవాడు కాదు. ఆ సంగతి నేను చెప్పకముందే ఆయనే పట్టుకున్నారు.

సీజన్ తొమ్మిదో స్థానంలో ముగిసింది, ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లో ఓడారు. గాయపడ్డ మొదటి గోల్ కీపర్ జనవరిలో తిరిగి వచ్చాడు. జట్టు కోలుకోవడంలో ఎంత వాటా అతనిదో విడదీయలేను. నేను నమ్మకంగా చెప్పగలిగింది నిద్ర ఆరు గంటలకి వచ్చిందని, బెంచ్ మీద ట్యాబ్లెట్ అసిస్టెంట్ చేతికి మారిందని.

చివరి నిర్ణయం

వసంతంలో రెండు అవకాశాలు వచ్చాయి. అదే క్లబ్ హెడ్ కోచ్‌గా మరో రెండేళ్లు అంది. ఇంకో క్లబ్ 'తైతోవల్మెంతాయా'గా, అంటే ఆటగాళ్లకి విడివిడిగా నైపుణ్యాలు నేర్పే కోచ్‌గా రమ్మంది. జీతం బాగా తక్కువ. ఆయన మనసు రెండోదాని వైపే ఉంది. నా అనుమానం ఒకటే: ఇది ఎంపికా, పారిపోవడమా? రెంటినీ విడదీయడానికి వాదించి లాభం లేదనిపించింది. నవంబర్‌లో ఒక మంగళవారం ఎలా ఉంటుందో రెండు ఉద్యోగాలకీ చెప్పమన్నాను. హెడ్ కోచ్ మంగళవారం చెప్పినప్పుడు ఓడితే ఏం చెప్పాలి, పత్రికలకి ఏం చెప్పాలి అన్నారు. ఒక్క ఆటగాడి పేరూ రాలేదు. రెండో మంగళవారంలో ముగ్గురు కుర్రాళ్లు, వాళ్ల ఎడమ కాలి మలుపు, ఒకడి భయం, అన్నీ వచ్చాయి. పారిపోయే మనిషి తాను వదిలేదాని గురించే మాట్లాడతాడు. ఈయన వెళ్లబోయేచోటి గురించి మాట్లాడుతున్నారు. నేను అడ్డు చెప్పలేదు. మీ ఆవిడతో డబ్బు లెక్క మాత్రం కాగితం మీద వేసుకుని రమ్మన్నాను. వేసుకొచ్చారు.

ఒక వార్తలో 'మెట్టు దిగారు' అని రాసినప్పుడు వారం రోజులు బాధపడ్డారు. నిచ్చెన బొమ్మ అందరి తలల్లోనూ ఉంది, నా తలలో కూడా. జనవరిలో ఈయన్ని తిరిగి హెడ్ కోచ్‌ని చేయడమే గెలుపని నేను కూడా అనుకున్నాను. తప్పు సమస్యని పట్టుకుని వేలాడటానికి అది కూడా ఒక కారణం.

అప్పటినుంచి నా పద్ధతిలో రెండు మార్చుకున్నాను. కోచ్ ఎవరు వచ్చినా మొదటి నెలలోనే ఒక మ్యాచ్ రోజు చూడనివ్వాలని ఒప్పందంలో రాస్తున్నాను. క్లబ్ కాదంటే క్యాలెండర్ అయినా తెప్పించుకుంటాను, నేర్పే నిమిషాలు ఎన్నో లెక్కపెట్టకుండా మాట తీరు గురించి ఒక్క మాట మాట్లాడను. రెండోది, క్లయింట్ ఒకచోట బాగా చేస్తూ ఇంకోచోట చేయలేకపోతే, బాగా చేసినచోటే ముందు ఆగి చూస్తాను.

ఆయన ఇప్పటికీ ఏడాదికి మూడు నాలుగుసార్లు వస్తారు. పోయిన ఆగస్టులో కొత్త సీజన్ క్యాలెండర్ తెచ్చి బల్ల మీద పరిచారు. మ్యాచ్‌ల మీద ఏ గుర్తూ లేదు. ప్రాక్టీస్ రోజుల చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టి ఉన్నాయి. అక్టోబర్ రెండో వారంలో ఒక్క సున్నా కూడా లేదు. ఆ గంటన్నరా ఆ వారం గురించే మాట్లాడుకున్నాం.